హై-ఎండ్ డిస్క్ ప్లేయర్ ఎంపిక: సంగీతానికి ఒకటి, సినిమాకు ఒకటా, రెంటికీ ఒకటేనా?

డిస్క్ ప్లేయర్ చేసే పనులు మూడు. తిరుగుతున్న డిస్క్ మీది సూక్ష్మమైన గుంతలను లేజర్‌తో చదివి అంకెలుగా మార్చడం మొదటిది. ఆ అంకెల్లో కుదించి దాచిన బొమ్మనూ ధ్వనినీ విప్పి, టీవీకీ రిసీవర్‌కీ పనికొచ్చే రూపంలోకి తేవడం రెండోది. అంకెల్లో ఉన్న ధ్వనిని యాంప్లిఫయర్‌కు అందించదగిన విద్యుత్ తరంగంగా, అంటే అనలాగ్‌గా మార్చడం మూడోది. ఖరీదైన ప్లేయర్ కొనడం అవసరమా, కొంటే ఏది కొనాలి అన్న వాదం సీడీ పుట్టినప్పటి నుంచీ సాగుతూనే ఉంది. ఈ మూడు పనులనూ విడదీయకుండా ఒకే ప్రశ్నగా అడగడం వల్లే అది చిక్కుపడింది. మొదటి పనిలో తేడాలు చాలావరకు తొలగిపోయాయి. రెండో పనిలోని తేడాలు డిస్క్ రకాన్ని బట్టి మారుతూ వచ్చాయి. మూడో పని చాలా ఇళ్లలో ప్లేయర్ చేతిలోంచి రిసీవర్ చేతిలోకి వెళ్లిపోయింది. అందువల్ల ఒక ఇంట్లో నిజమైన సలహా పక్కింట్లో నిజం కాకపోవచ్చు.

## డిస్కుల వరుస

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన సీడీకి తొలి ప్లేయర్, సోనీ సీడీపీ-101, 1982 అక్టోబర్ 1న జపాన్ మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత ప్రతి దశాబ్దంలోనూ కొత్త డిస్కులు వచ్చాయి. చాలాసార్లు లేజర్ తరంగదైర్ఘ్యం తగ్గింది, లేదా అదే లేజర్‌తో ఎక్కువ సమాచారం ఇరికింది.

- సీడీ (1982): 780 నానోమీటర్ల లేజర్. రెండు చానెళ్లు, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. 74 నిమిషాల సంగీతం.
- వీసీడీ (1993): సీడీ మీదే ఎంపెగ్-1 వీడియో. 352×288 చుక్కల బొమ్మ.
- డీవీడీ (1996): 650 నానోమీటర్ల లేజర్. పొరకు 4.7 జీబీ. ఎంపెగ్-2 వీడియో, 720×480 లేదా 720×576.
- సూపర్ ఆడియో సీడీ (1999): డీఎస్‌డీ అనే ఒక-బిట్ పద్ధతి, 2.8224 మెగాహెర్ట్జ్. స్టీరియోతో పాటు 5.1 చానెళ్లకూ వీలు.
- డీవీడీ-ఆడియో (2000): 24 బిట్లు, స్టీరియోలో 192 కిలోహెర్ట్జ్ దాకా, 5.1 చానెళ్లలో 96 దాకా.
- బ్లూరే (2006): 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్. 25 లేదా 50 జీబీ. 1920×1080 బొమ్మ, నష్టం లేని ధ్వని.
- అల్ట్రా హెచ్‌డీ బ్లూరే (2016): 50, 66 లేదా 100 జీబీ డిస్కులు. 3840×2160 బొమ్మ, 10 బిట్ల రంగు, హెచ్‌డీఆర్.

ఈ వరుసలో రెండు పోటీలు నడిచాయి. సంగీతంలో సూపర్ ఆడియో సీడీ, డీవీడీ-ఆడియో ఒకదానితో ఒకటి తలపడి రెండూ సామాన్య శ్రోతను చేరలేకపోయాయి. సూపర్ ఆడియో సీడీ శాస్త్రీయ సంగీతం, జాజ్ అభిమానుల మధ్య నిలబడింది. డీవీడీ-ఆడియో మాయమైనా, దానికోసం మెరిడియన్ సంస్థ రూపొందించిన ఎంఎల్‌పీ కుదింపు పద్ధతి డాల్బీ ట్రూహెచ్‌డీకి పునాదిగా మారి బ్లూరేలో బతికింది. సినిమాలో బ్లూరేకూ తోషిబా నడిపిన హెచ్‌డీ డీవీడీకీ పోటీ సాగింది. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూరే వైపు చేరింది. ఫిబ్రవరిలో తోషిబా తప్పుకుంది.

ఇన్ని రకాల డిస్కులు అల్మరాలో చేరేసరికి ‘అన్నీ ఆడే పెట్టె’ అవసరమైంది. ఆ అవసరమే యూనివర్సల్ ప్లేయర్‌ను పుట్టించింది.

## యూనివర్సల్ ప్లేయర్ ఉదయం, అస్తమయం

2000 దశకం మొదట్లో పయొనీర్, డెనాన్, మరాంజ్ వంటి జపాన్ బ్రాండ్లు డీవీడీ, సూపర్ ఆడియో సీడీ, డీవీడీ-ఆడియోలను ఒకే పెట్టెలో ఆడించే ప్లేయర్లు తెచ్చాయి. ఈ వర్గానికి ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం ఒప్పో డిజిటల్. 2009లో వచ్చిన దాని బీడీపీ-83 ధర 499 డాలర్లు. అప్పటికి దొరికే దాదాపు అన్ని డిస్కులనూ ఆడించేది. 2010లో లెక్సికాన్ బీడీ-30 అనే 3,500 డాలర్ల ప్లేయర్ పైమూత తీసి చూస్తే, లోపల ఉన్నది ఆ ఒప్పో ప్లేయరేనని ఆడియోహాలిక్స్ పత్రిక బయటపెట్టింది. ధర ఏడు రెట్లు పెరిగినా లోపలి సరుకు మారకపోవచ్చని తేలిన ఆ ఉదంతాన్ని ఖరీదైన ప్లేయర్లను శంకించేవాళ్లు ఇప్పటికీ ఎత్తి చూపుతారు.

ఒప్పో చివరి తరం యూడీపీ-203, యూడీపీ-205. వీటిలో 205 సంగీతప్రియుల కోసం తయారైంది. అందులో ఈఎస్ఎస్ సంస్థ వారి ఈఎస్9038ప్రో అనే డాక్ చిప్‌లు రెండు ఉండేవి. అంకెల ధ్వనిని అనలాగ్‌గా మార్చే భాగమే డాక్. యూడీపీ-205 ధర 1,299 డాలర్లు. 2018 ఏప్రిల్‌లో ఒప్పో ప్లేయర్ల తయారీని ముగిస్తున్నట్టు ప్రకటించింది. 2019లో శాంసంగ్ తప్పుకుంది. 2024 చివరికి ఎల్‌జీ కూడా తప్పుకుంది. అదే కాలంలో పానసోనిక్ 2018లో డీపీ-యూబీ9000ను, పయొనీర్ యూడీపీ-ఎల్ఎక్స్500ను తెచ్చాయి. ఒప్పో వదిలిన ఖాళీని నింపడానికి ఫ్రాన్స్ బ్రాండ్ రివాన్, ఆ తర్వాత మాగ్నెటార్ వచ్చాయి. సంగీతం వైపు ఎసోటెరిక్, మరాంజ్, డెనాన్, యమహా, లక్స్‌మన్, అక్యుఫేజ్ వంటి సంస్థలు సీడీ, సూపర్ ఆడియో సీడీలకే పరిమితమైన ప్లేయర్ల మీద దృష్టి నిలిపాయి.

## ధ్వని మీద మూడు పక్షాలు

సంగీతం కోసం ఖరీదైన ప్లేయర్ కొనడం గురించి మూడు ప్రధాన వాదాలున్నాయి.

‘అంకెలు అంకెలే’ అనే పక్షం. సీడీలో రీడ్-సోలొమన్ దోష సవరణ ఉంది. ఒక గీత వల్ల వరుసగా దాదాపు 4,000 బిట్లు పోయినా, అంటే ట్రాక్ మీద సుమారు రెండున్నర మిల్లీమీటర్లు చెడిపోయినా, అసలు అంకెలను తిరిగి రాబట్టగలదు. కాబట్టి మంచి స్థితిలో ఉన్న డిస్క్‌ను ఏ ప్లేయర్ చదివినా అంకెలు ఒకటే. ఆధునిక డాక్ చిప్‌ల వక్రీకరణ, రొద మనిషి చెవికి అందే స్థాయికి బాగా దిగువన ఉంటాయి. ఇక మిగిలే తేడా శబ్దం స్థాయిదే. సీడీ ప్లేయర్ల అనలాగ్ అవుట్‌పుట్‌కు వాడుకలో ఉన్న స్థాయి 2 వోల్టులు. కొంచెం ఎక్కువ వోల్టులు ఇచ్చే ప్లేయర్ బిగ్గరగా మోగి మెరుగైనదిగా తోస్తుంది. అందుకే పోలిక చేసేటప్పుడు రెండు ప్లేయర్ల స్థాయినీ 0.1 డెసిబెల్ లోపు సమం చేయాలని ఈ పక్షం పట్టుబడుతుంది.

‘మార్పిడిలోనే మర్మం’ అనే పక్షం. అంకెలు సరిగా ఉంటే చాలదు, ప్రతి అంకె తన క్షణానికే డాక్‌ను చేరాలి అంటుంది ఈ పక్షం. ఆ సమయంలో వచ్చే అతి చిన్న తడబాటును జిట్టర్ అంటారు. 1980ల చివర, 1990లలో ప్లేయర్‌నూ డాక్‌నూ వేరు పెట్టెల్లో పెట్టి మధ్యలో కేబుల్ వేసినప్పుడు ఈ సమస్య నిజంగానే పెరిగింది. డిస్క్‌ను గట్టిగా పట్టి కంపనాలు లేకుండా తిప్పే యంత్రాంగం, మంచి గడియారం, శుభ్రమైన విద్యుత్ సరఫరా, జాగ్రత్తగా కట్టిన అనలాగ్ అవుట్‌పుట్ దశ — వీటికి ఈ పక్షం విలువ ఇస్తుంది. డిస్క్ అంత వెడల్పున్న పళ్లెంతో పట్టే టీయాక్ సంస్థ వీఆర్‌డీఎస్ యంత్రాంగాన్ని ఉదాహరణగా చూపుతుంది. ఎసోటెరిక్ ప్లేయర్ల పేరు ప్రతిష్ఠలు దానిమీదే నిలిచాయి.

‘మాస్టరింగ్ ముఖ్యం’ అనే పక్షం. వినిపించే తేడాలో పెద్ద వాటా రికార్డింగ్‌దీ, దాన్ని డిస్క్ మీదికి ఎక్కించిన పద్ధతిదీ అంటుంది ఇది. 1990ల నుంచి పాటను ఎంత వీలైతే అంత బిగ్గరగా చేసే ధోరణి పెరిగి, నెమ్మది స్వరాలకూ పెద్ద స్వరాలకూ మధ్య అంతరం కుంచించుకుపోయింది. పాత తెలుగు సినిమా పాటల విషయంలో ఈ వాదానికి మరింత బలం ఉంది. మోనోలో, అరిగిన టేపు నుంచో రికార్డు నుంచో సీడీకి ఎక్కించిన ఘంటసాల పాటలో లేని వివరాన్ని ఏ ప్లేయరూ పుట్టించలేదు. మంచి టేపు నుంచి జాగ్రత్తగా తీసిన సీడీ సాధారణ ప్లేయర్‌లోనూ మెరుగ్గానే వినిపిస్తుంది.

మూడు పక్షాలూ ఎదురెదురుగా నిలిచిన చోటు హై-రిజల్యూషన్ ధ్వని. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ 2007లో ప్రచురించిన పరీక్షలో సూపర్ ఆడియో సీడీ, డీవీడీ-ఆడియో ధ్వనిని నేరుగానూ, సీడీ స్థాయికి కుదించీ శ్రోతలకు తెలియకుండా వినిపించారు. మొత్తం 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరైన జవాబు వచ్చింది. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. వాళ్లు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై-రిజల్యూషన్ రికార్డింగులే కావన్న విమర్శ తర్వాత వచ్చింది. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోషువా రీస్ 2016లో 18 పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించారు. 12,500కు పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు సుమారు 52.3 శాతం. శిక్షణ పొందిన శ్రోతల్లో అది ఇంకా ఎక్కువ. తేడా ఉన్నట్టు గణాంకం చెబుతోంది, కానీ అది చాలా చిన్నదని కూడా అదే గణాంకం చెబుతోంది. తేడా ఉందనేవాళ్లూ లేదనేవాళ్లూ ఈ అధ్యయనాన్ని తమ వైపు ఉదహరించడానికి కారణం ఇదే.

జిట్టర్ మీద డాల్బీ పరిశోధకులు ఎరిక్ బెంజమిన్, బెంజమిన్ గానన్ 1998లో పరీక్షలు చేశారు. అత్యంత అనుకూలమైన పరీక్షా స్వరాలతోనే వినికిడి హద్దు 10 నానోసెకన్ల దగ్గర ఉంది. సంగీతంలో అది ఇంకా ఎక్కువ. మంచి ప్లేయర్లలో కొలిచే జిట్టర్ సాధారణంగా నానోసెకనులో చిన్న భాగమే. డీఎస్‌డీ మీద మరో వివాదం ఉంది. ఒక-బిట్ పద్ధతి గణితపరంగా లోపభూయిష్ఠమని స్టాన్లీ లిప్‌షిట్జ్, జాన్ వాండర్‌కూయ్ 2001లో వాదించారు. డీఎస్‌డీ అభిమానులు ఆ లోపం చెవికి అందదని, ధ్వనిలోని సహజత్వమే ముఖ్యమని బదులిస్తారు.

## బొమ్మ మీద వాదం: మూడు కాలాలు

ధ్వనిలో తేడాలు చిన్నవైతే, బొమ్మలో ఒక కాలంలో అవి కళ్లకు కట్టేవి.

డీవీడీ కాలంలో ప్లేయర్ చేసే పని బరువైనది. డిస్క్ మీద బొమ్మ సరి, బేసి గీతలుగా విడివిడి ముక్కల్లో ఉండేది. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను ఎన్‌టీఎస్‌సీ ప్రసార ప్రమాణపు టీవీ వేగానికి సర్దడానికి కొన్ని ముక్కలను మళ్లీ వాడేవాళ్లు. వాటిని గుర్తించి మళ్లీ పూర్తి ఫ్రేములుగా కూర్చడం సరిగా రాని ప్లేయర్లలో అంచులు రంపపు పళ్లలా కనిపించేవి. 2001లో డాన్ మన్సిల్, స్టేసీ స్పియర్స్ చాలా ప్లేయర్లలో రంగుల అంచుల మీద అడ్డగీతలు తెచ్చే ఒక దోషాన్ని బయటపెట్టారు. ఖరీదైన మోడళ్లలో కూడా అది దొరికింది. పరీక్షా డిస్కులతో ప్లేయర్లను కొలిచే సంప్రదాయానికి ఈ పరిశోధన ఊతమిచ్చింది. ఇద్దరూ తర్వాత తమ పేరుమీదే పరీక్షా డిస్కులు తెచ్చారు.

బ్లూరే కాలంలో సినిమా చాలావరకు 24 పూర్తి ఫ్రేములుగానే డిస్క్ మీదికి వచ్చింది. కూర్చే పని తగ్గేసరికి చవక ప్లేయర్‌కూ ఖరీదైన దానికీ బ్లూరే బొమ్మలో తేడా దాదాపు చెరిగిపోయింది. పాత డీవీడీలను పెద్ద తెరకు పెంచి చూపడంలో మాత్రం తేడాలు మిగిలాయి.

అల్ట్రా హెచ్‌డీ కాలంలో కొత్త పని వచ్చిపడింది. వెలుగునీడల అంతరం పెంచిన హెచ్‌డీఆర్ బొమ్మను 1,000 లేదా 4,000 నిట్ల వెలుగు దాకా మాస్టర్ చేస్తారు. ఇళ్లలోని చాలా టీవీలు అంత వెలుగు ఇవ్వలేవు. ప్రొజెక్టర్లయితే చాలాసార్లు 100 నిట్ల దరిదాపుల్లోనే ఉంటాయి. ఎక్కువ వెలుగును ఉన్న వెలుగులో సర్దే పనిని టోన్ మ్యాపింగ్ అంటారు. దీన్ని టీవీ చేయవచ్చు, ప్లేయర్ కూడా చేయవచ్చు. పానసోనిక్ ప్లేయర్లలోని హెచ్‌డీఆర్ ఆప్టిమైజర్ ఈ పనికే పేరు తెచ్చుకుంది. ప్రొజెక్టర్ ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం కళ్లకు కనిపించే లాభం. ఈ పనిని తనే బాగా చేసుకునే కొత్త టీవీ ఉన్నవాళ్లకు లాభం తక్కువ.

మరో చిన్న విషయం కూడా ఉంది. డిస్క్ మీద రంగుల సమాచారం 4:2:0 పద్ధతిలో, వెలుగు సమాచారంలో నాలుగో వంతు చుక్కలకే ఉంటుంది. 24 ఫ్రేముల సినిమాను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ 2.0 ద్వారా పంపేటప్పుడు ప్లేయర్ దాన్ని 4:2:2కో 4:4:4కో పెంచక తప్పదు. కాబట్టి ‘అంకెలు ఉన్నవున్నట్టే వెళ్తాయి’ అన్న మాట బొమ్మ విషయంలో పూర్తిగా నిజం కాదు. అయితే ఇప్పటి ప్లేయర్లలో ఈ పని నాణ్యత ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంది.

హెచ్‌డీఆర్ రకాల్లో హెచ్‌డీఆర్10 ప్రతి ప్లేయర్‌లోనూ తప్పనిసరి. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ ఐచ్ఛికం. కొన్ని ప్లేయర్లలో డాల్బీ విజన్‌ను డిస్క్‌ను బట్టి చేత్తో మార్చాలి. సినిమాలే ఎక్కువగా చూసే ఇంటికి ఇది ధర కన్నా ముందు చూడాల్సిన అంశం.

## హెచ్‌డీఎంఐ మార్చిన లెక్క

2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ ఈ వాదం దిశనే మార్చింది. 2004 నాటి 1.1 రూపంలో డీవీడీ-ఆడియోకు, 2005 నాటి 1.2లో డీఎస్‌డీకి, 2006 నాటి 1.3లో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోలకు దారి దొరికింది. అప్పటి నుంచి ప్లేయర్ ధ్వనిని అనలాగ్‌గా మార్చకుండానే రిసీవర్‌కు ఇచ్చేయవచ్చు. డాల్బీ అట్మాస్, డీటీఎస్:ఎక్స్ సౌండ్‌ట్రాక్‌లను విప్పేది ఇప్పుడు రిసీవరే.

దీనివల్ల ఖరీదైన ప్లేయర్‌లోని డాక్, అనలాగ్ దశ హెచ్‌డీఎంఐ దారిలో పనిలేకుండా పోతాయి. అనలాగ్ కేబుళ్లతో కలిపినా ఒక చిక్కు ఉంది. గది ధ్వనిని సవరించే ఆడిసీ, డిరాక్ వంటి సౌకర్యాలు వాడితే రిసీవర్ లోపలికి వచ్చిన అనలాగ్‌ను మళ్లీ అంకెలుగా మార్చి, సవరించి, తన డాక్‌తో మళ్లీ అనలాగ్‌గా మారుస్తుంది. ప్లేయర్‌లోని మేలైన డాక్ కోసం చెల్లించిన డబ్బుకు అక్కడితో అర్థం పోతుంది. సూపర్ ఆడియో సీడీలోని 5.1 ధ్వనిని అనలాగ్‌లో పంపితే, సబ్‌వూఫర్‌కు దిగువ స్వరాలను పంచే పనిని ప్లేయరే చేయాలి. చాలా ప్లేయర్లు అందుకోసం డీఎస్‌డీని సీడీ తరహా పీసీఎంగా మార్చేస్తాయి.

సూపర్ ఆడియో సీడీ ధ్వనిని సాధారణ కోయాక్సియల్, ఆప్టికల్ అవుట్‌పుట్‌ల ద్వారా పంపడానికి దాని నకలు రక్షణ నిబంధనలు ఒప్పుకోవు. అందువల్ల సీడీకి పనికొచ్చే విడి డాక్ సాధారణంగా సూపర్ ఆడియో సీడీకి పనికిరాదు. హెచ్‌డీఎంఐ దారి లేని స్టీరియో వ్యవస్థలో సూపర్ ఆడియో సీడీ వినాలంటే ప్లేయర్‌లోని డాక్ బాగుండటం తప్పనిసరి.

## ఒక పెట్టె, రెండు పెట్టెలు

కొనేవాళ్ల ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, అన్నిటికీ ఒకే యూనివర్సల్ ప్లేయర్. స్థలం, తీగలు, రిమోట్‌ల గోల తగ్గుతుంది. సినిమా గదిలోనే సంగీతం వినేవాళ్లకు, సూపర్ ఆడియో సీడీ, డీవీడీ-ఆడియో సేకరణ ఉన్నవాళ్లకు ఇది సహజమైన దారి. దీని బలహీనత తయారీదార్ల సంఖ్య తగ్గిపోవడం. పానసోనిక్ యూబీ9000 సినిమాకు ఎంత మంచి పేరు తెచ్చుకున్నా సూపర్ ఆడియో సీడీని ఆడించదు. మాగ్నెటార్ యూడీపీ900 వంటివి అన్నీ ఆడిస్తాయి, ధర ఎక్కువ.

రెండోది, సినిమాకు ఒకటి, సంగీతానికి ఒకటి. మధ్యస్థ ధర అల్ట్రా హెచ్‌డీ ప్లేయర్‌ను హెచ్‌డీఎంఐతో రిసీవర్‌కు, మంచి సీడీ లేదా సూపర్ ఆడియో సీడీ ప్లేయర్‌ను అనలాగ్‌తో స్టీరియో యాంప్లిఫయర్‌కు కలుపుతారు. బొమ్మల ప్రమాణాలు త్వరగా మారతాయి, సీడీ ప్రమాణం మారదు. కాబట్టి ఒకటి పాతబడ్డా రెండోదాన్ని మార్చక్కర్లేదు. స్టీరియో వ్యవస్థ వేరుగా ఉన్న ఇళ్లకు ఈ దారి ఎక్కువగా సిఫార్సు అవుతుంది.

మూడోది, గేమ్ కన్సోల్. తొలి ప్లేస్టేషన్ 3 బ్లూరేతో పాటు సూపర్ ఆడియో సీడీనీ ఆడించేది. ప్లేస్టేషన్ 5 డిస్క్ మోడల్ అల్ట్రా హెచ్‌డీ బ్లూరేను ఆడిస్తుంది, మామూలు ఆడియో సీడీని మాత్రం ఆడించదు. సంగీతం కూడా లెక్కలో ఉంటే కన్సోల్ ఈ పోటీలో నిలవదు.

## రీజియన్, వోల్టేజ్, పాత డిస్కులు

విదేశాల నుంచి ప్లేయర్‌నో డిస్కులనో తెప్పించుకునే తెలుగు కుటుంబాలకు సాంకేతిక నాణ్యత కన్నా ముందు తేలాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. డీవీడీ రీజియన్ విభజనలో భారత్ 5, అమెరికా 1. బ్లూరేలో భారత్ సి, అమెరికా, జపాన్ ఎ. రీజియన్ కోడ్ ఉన్న జపాన్ బ్లూరేను భారత్‌లో కొన్న సాధారణ ప్లేయర్ తిరస్కరిస్తుంది. బాహుబలి రెండు భాగాలూ జపాన్‌లో బ్లూరేగా విడుదలయ్యాయి. అలాంటి డిస్కులు సేకరించేవాళ్లు వాటి మీద కోడ్ ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేదా మల్టీ-రీజియన్ ప్లేయర్ వెతకాలి. అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో రీజియన్ కోడ్ లేదు.

డీవీడీలో ప్రసార ప్రమాణాల చిక్కు వేరే ఉంది. అమెరికాలో అమ్మే చాలా ప్లేయర్లు పాల్ ప్రమాణపు డీవీడీలను ఆడించవు. పాల్‌లో 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు. అందువల్ల పాట 4 శాతం వేగంగా సాగుతుంది. సవరించకపోతే శ్రుతి అరస్వరంలో దాదాపు 70 శాతం పెరుగుతుంది. సంగీతం తెలిసిన చెవికి ఇది వెంటనే తెలుస్తుంది. దీన్ని ప్లేయర్ తప్పుగా అనుకోకూడదు.

2000 దశకంలో తెలుగు ఇళ్లలో చేరిన సినిమాల్లో వీసీడీలు ఎక్కువ. 2007లో మోజర్ బేయర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక డిస్కుల సంఖ్య ఇంకా పెరిగింది. వీసీడీ, ఎంపీ3 సీడీలను ఖరీదైన కొత్త ప్లేయర్లన్నీ ఆడిస్తాయని అనుకోవడానికి లేదు. ఆడించినా 352×288 చుక్కల బొమ్మ 65 అంగుళాల తెర మీద మెత్తగా, మసకగానే ఉంటుంది. ఆ సేకరణ కోసం పాత డీవీడీ ప్లేయర్‌ను అట్టేపెట్టుకోవడం చవకైన పరిష్కారం.

అమెరికా ప్లేయర్లు 120 వోల్టులకు తయారవుతాయి. స్విచింగ్ సరఫరా ఉన్నవి చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఖరీదైన ఆడియో మోడళ్లు ఒకే వోల్టేజ్‌కు కట్టినవి కావచ్చు. వెనుక పలక మీది అంకె చూడకుండా భారత్‌లోని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ప్లేయర్ కాలిపోవచ్చు.

## మన్నిక, విడిభాగాలు

హై-ఎండ్ ప్లేయర్ ఎంత బరువున్నా దాని ఆయువు చిన్న లేజర్ పికప్ మీద ఆధారపడి ఉంటుంది. పికప్‌తో పాటు ట్రే బెల్టు, మోటారు, ఎండిపోయే గ్రీజు కాలంతో చెడతాయి. సీడీ పికప్‌లు ఇంకా తయారవుతున్నాయి. సూపర్ ఆడియో సీడీ, అల్ట్రా హెచ్‌డీ పికప్‌లు దొరికే చోట్లు తక్కువ. ఒక సంస్థ ప్లేయర్ల తయారీ ఆపిన కొన్నేళ్లకు విడిభాగాలూ కరువవుతాయి. చిప్‌ల సరఫరా కూడా భద్రం కాదని 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎం సంస్థ ఫ్యాక్టరీ తగలబడినప్పుడు తేలింది. ఆ సంస్థ డాక్‌లు వాడే తయారీదార్లు తమ మోడళ్లలోని చిప్‌లను మార్చుకోవాల్సి వచ్చింది. అందువల్ల వాడిన ఒప్పో ప్లేయర్‌ను కొత్తదాని ధరకు మించి కొనడం గురించి రెండు అభిప్రాయాలున్నాయి. దాని నాణ్యత ఇప్పటికీ పోటీకి నిలుస్తుందని కొందరు, వారంటీ లేని యంత్రంలో పికప్ పోతే మొత్తం పెట్టుబడి పోతుందని కొందరు అంటారు.

## స్ట్రీమింగ్ నీడలో

స్కాట్లాండ్‌కు చెందిన లిన్ సంస్థ 2009లోనే సీడీ ప్లేయర్ల తయారీ మానేసింది. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ దాకా నష్టం లేని సంగీతాన్ని అదనపు రుసుము లేకుండా ఇస్తోంది. సంగీతంలో సాంకేతికంగా డిస్క్‌కు ఉన్న ఆధిక్యం ఇలా చాలావరకు పోయింది. మిగిలింది ఫలానా మాస్టరింగ్, ఆన్‌లైన్‌లో లేని రికార్డింగులు, సొంతం అన్న భావన.

సినిమాలో పరిస్థితి వేరు. అల్ట్రా హెచ్‌డీ డిస్క్ సెకనుకు 128 మెగాబిట్ల దాకా ఇవ్వగలదు. సాధారణ 4కే స్ట్రీమింగ్ అందులో చిన్న భాగంతోనే సరిపెట్టుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్ తన 4కే కోసం సిఫార్సు చేసే నెట్ వేగమే సెకనుకు 15 మెగాబిట్లు. ధ్వనిలోనూ స్ట్రీమింగ్ అట్మాస్ కుదించిన డాల్బీ డిజిటల్ ప్లస్ మీద వస్తే, డిస్క్ మీది అట్మాస్ నష్టం లేని ట్రూహెచ్‌డీ మీద వస్తుంది. చీకటి సన్నివేశాల్లో, పొగలో, వర్షంలో ఈ తేడా పెద్ద తెర మీద తెలుస్తుంది. తెలుగు ప్రేక్షకులకు మాత్రం ఈ వాదం సగమే వర్తిస్తుంది. చాలా కొత్త తెలుగు సినిమాలు ఓటీటీలో వస్తాయి తప్ప డిస్క్ మీద రావు. వాళ్లకు ఖరీదైన ప్లేయర్ ప్రధానంగా విదేశీ సినిమాలకూ సంగీత సేకరణకూ పనికొస్తుంది.

## తేలినవి, తేలనివి

తేలిన విషయాలను ఇలా కుదించవచ్చు.

- మంచి స్థితిలోని డిస్క్‌ను చదవడంలో ప్లేయర్ల మధ్య తేడా లేదని దాదాపు అందరూ ఒప్పుకుంటారు.
- హెచ్‌డీఎంఐతో రిసీవర్‌కు కలిపే ఇంట్లో ప్లేయర్‌లోని డాక్‌కు డబ్బు పెట్టడం వృథా. అక్కడ చూడాల్సినవి డిస్కుల మద్దతు, హెచ్‌డీఆర్ రకాలు, టోన్ మ్యాపింగ్, నమ్మదగిన పనితీరు.
- అనలాగ్‌తో స్టీరియోకు కలిపే ఇంట్లో డాక్, అవుట్‌పుట్ దశ లెక్కలోకి వస్తాయి. ఆ ఇంట్లో సూపర్ ఆడియో సీడీలు ఉంటే అవి ప్లేయర్ ఎంపికను నిర్ణయించే మొదటి అంశం అవుతాయి.
- బ్లూరే బొమ్మలో ఖరీదు తేడా తేవడం అరుదు. ప్రొజెక్టర్ మీద హెచ్‌డీఆర్‌లో తేగలదు.
- ధర, బరువు, పైపెట్టె తళుకు లోపలి సాంకేతికతకు హామీ కావు.

తేలని విషయాలు మూడు. సీడీని మించిన రిజల్యూషన్ చెవికి ఎంతవరకు అందుతుంది అన్నది మొదటిది. రీస్ విశ్లేషణ చూపిన చిన్న తేడా ఏ పరిస్థితుల్లో, ఏ శ్రోతలకు, ఏ సంగీతంలో పెరుగుతుందో ఇంకా స్పష్టం కాలేదు. రెండోది, కొలతల్లో సమానంగా ఉన్న రెండు ప్లేయర్లు శ్రద్ధగా వినేవాళ్లకు వేరుగా వినిపిస్తున్నాయంటే అది యంత్రం గుణమా, ముందస్తు అంచనాల ప్రభావమా అన్నది. స్థాయి సమం చేసి, పేర్లు దాచి చేసిన పరీక్షలు చాలావరకు ముందస్తు అంచనాల వైపే మొగ్గుతాయి. ఆ పరీక్షల ఒత్తిడే సున్నితమైన తేడాను చెరిపేస్తుందని ప్రతివాదులు అంటారు. మూడోది, అల్ట్రా హెచ్‌డీ ప్లేయర్ల తయారీ ఇంకెన్నాళ్లు సాగుతుంది, విడిభాగాలు ఎన్నాళ్లు దొరుకుతాయి అన్నది. మొదటి రెండు ప్రశ్నలకు పరిశోధన జవాబు ఇవ్వగలదు. మూడోదానికి మార్కెట్టే జవాబు ఇస్తుంది. డిస్కుల సేకరణ పెద్దదైన ఇంటికి ఎంపికలో అది ధ్వని నాణ్యత కన్నా బరువైన అంశం కావచ్చు.